పోటు మీద ఉన్న డ్రెయిన్: వెంటిలేటర్‌పై ఒళ్ళంతా నీరు పట్టిన ఒక కేసు

ఐదో రోజు ఉదయం రౌండ్స్‌కి వెళ్ళేసరికి ఆయన కళ్ళు పూర్తిగా మూతపడటం లేదు. రెప్పల సందులోంచి తెల్లగుడ్డు మీది పొర నీళ్ళు నింపిన బుడగలా ఉబ్బి బయటికి కనిపిస్తోంది. నైట్ డ్యూటీ సిస్టరు ఆయింట్‌మెంట్ రాసి, పైన తడి గాజుగుడ్డ వేసి ఉంచింది. ఐసీయూ భాషలో దీన్ని ‘వెంటిలేటర్ కన్ను’ అంటాం. పొట్ట డోలులా బిగిసింది. వృషణాల సంచి చిన్న కొబ్బరికాయంత అయింది. బీపీ పట్టీ కట్టిన చోట చేతి మీద పడిన గాడి అరగంటైనా పూడటం లేదు.

ఊపిరితిత్తులు మాత్రం బాగుపడుతున్నాయి. మొదటి రోజు నూటికి నూరు శాతం ఇచ్చిన ఆక్సిజన్‌ని 40 శాతానికి దించగలిగాం. ఊపిరితిత్తి ఆరుతోంది, మనిషి నానుతున్నాడు. ఇంకో లెక్క కూడా కుదరలేదు. ముందు రోజు 24 గంటల్లో లోపలికి వెళ్ళింది 1.6 లీటర్లు, వచ్చిన మూత్రం 1.1 లీటరు. జ్వరానికి, చెమటకి పోయేది తీసేస్తే పెద్దగా మిగిలేదేమీ లేదు. అయినా బొడ్డు దగ్గర చుట్టుకొలత ఒక్క రోజులో 3 సెంటీమీటర్లు పెరిగింది. కొత్తగా నీళ్ళు పోయకుండానే ముంపు ఎలా పెరిగింది?

ఈ కేసు రాయడానికి కారణం ఆ ప్రశ్నే. దానికి జవాబులో నా పొరపాటు కూడా ఉంది కాబట్టి అదీ రాస్తున్నాను. కుటుంబం అనుమతి తీసుకున్నాను. ఊరు, మనిషి తెలిసిపోయే వివరాలు మార్చాను. నేను చదివింది మత్తు వైద్యం. డెల్టాలోని చిన్న పట్నాల్లో ఐసీయూ చూసేది చాలాచోట్ల మత్తు డాక్టరే, నేనూ అంతే.

మనిషి, జబ్బు

52 ఏళ్ళ కౌలు రైతు. ఊరు నరసాపురం వైపు, చేను డ్రెయిన్ గట్టునే. అక్టోబరులో వానలు ముదిరి చేలో నీళ్ళు నిలిస్తే, నాలుగు రోజులు మోకాలి లోతు బురదలో నిలబడి బోదెలు తీశాడు. తర్వాత వారం తిరక్కముందే జ్వరం, పిక్కలు పట్టుకుంటే అరిచేంత నొప్పి, ఎర్రబడ్డ కళ్ళు. ఊళ్ళో ఆరెంపీ రెండు రోజులు ఇంజెక్షన్లు చేశాడు. తగ్గకపోతే దగ్గర్లోని ఒక నర్సింగ్‌హోంలో చేరారు. బీపీ పడిపోయి ఉంది కాబట్టి అక్కడ రెండు రోజుల్లో సుమారు 5 లీటర్ల సెలైన్ పెట్టారు. అప్పటికి అది సరైన పనే, దాన్ని తప్పు పట్టను. ఆయాసం మొదలయ్యాక మా దగ్గరికి పంపారు.

వచ్చేటప్పటికి నిమిషానికి 38 సార్లు ఊపిరి తీస్తున్నాడు. మాస్కుతో 15 లీటర్ల ఆక్సిజన్ పెట్టినా శాచురేషన్ 82. కఫంలో నెత్తురు చారలు. ప్లేట్‌లెట్లు 48 వేలు, కామెర్లని చూపే బిలిరుబిన్ 6.2, మూత్రపిండాల పనిని చూపే క్రియాటినిన్ 2.9. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులూ తెల్లగా ఉన్నాయి. ఎలుక మూత్రం కలిసిన బురదనీళ్ళలోంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ అని మొదటి చూపులోనే అనుమానించాం. పరీక్ష కూడా అదే చెప్పింది. సెఫ్‌ట్రయాక్సోన్, డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాం. ఆ రాత్రే గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టాం.

ఇంకో సంగతి ఉంది, కేస్ షీట్‌లో ఒక్క ముక్కలో రాసి వదిలేసింది: ‘ఎడమ కాలు బోదకాలు, 15 ఏళ్ళుగా.’ గోదావరి జిల్లాల్లో పనిచేసే డాక్టరుకి బోదకాలు కొత్త కాదు. ఏడాదికోసారి ఇంటింటికీ తిరిగి పంచుతూ వచ్చిన బోదకాలు మందు డీఈసీ మాత్రలు, రాత్రిపూట వచ్చి వేలు గుచ్చి రక్తం తీసుకెళ్ళే సిబ్బంది ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు. ఆ పురుగు పిల్లలు పగలు దాక్కుని రాత్రి నెత్తుట్లోకి వస్తాయి కాబట్టి ఆ రాత్రి తిరుగుడు. అయితే అలవాటైనదాన్ని చూడటం మానేస్తాం. ఆ కాలిని నేనూ అలాగే చూడలేదు.

మొదటి మూడు రోజులు

ఎత్తు 168 సెంటీమీటర్లు. ఆ ఎత్తుకి ఉండాల్సిన బరువు సూత్రం ప్రకారం సుమారు 64 కిలోలు, కిలోకి 6 మి.లీ. చొప్పున ఒక్కో ఊపిరికి 380 మి.లీ. పెట్టాం. 2000లో అమెరికాలో 861 మంది రోగులతో చేసిన ప్రసిద్ధ ట్రయల్‌లో ఇలా చిన్న ఊపిరి ఇచ్చినవాళ్ళలో 31 శాతం మంది, పెద్ద ఊపిరి ఇచ్చినవాళ్ళలో దాదాపు 40 శాతం మంది చనిపోయారు. అప్పటినుంచి అందరం పాటించే లెక్క ఇది.

పీప్ 14 పెట్టాం. ఊపిరి వదిలేశాక కూడా గాలిగదులు ముడుచుకుపోకుండా మిషన్ లోపల నిలిపి ఉంచే ఒత్తిడిని పీప్ అంటారు. దాన్ని సెంటీమీటర్ల నీటి ఎత్తులో కొలుస్తాం. పూర్తి మత్తులో ఉంచి, కండరాలు కదలకుండా అట్రాక్యూరియం డ్రిప్ పెట్టి, రోజుకి 16 గంటల చొప్పున రెండు రోజులు బోర్లా పడుకోబెట్టాం. ఇవేవీ తప్పు కాదు. ఆ రెండు రోజులు ఆ ఒత్తిడి లేకపోతే మనిషి దక్కేవాడు కాదు. పీప్‌ని తిట్టడానికి రాయడం లేదని ముందే చెప్తున్నాను.

మూడో రోజుకి బీపీ పడిపోకుండా నిలబెట్టే మందు తగ్గింది, ఆక్సిజన్ 50 శాతానికి వచ్చింది. ఆ సాయంత్రం ఆయన భార్యని లోపలికి పంపితే కాళ్ళ దగ్గరే నిలబడింది. దుప్పటి తీసి ఎడమ కాలిని చూసి, ‘ఈ కాలు మెరుస్తోందండి డాక్టరు గారూ’ అంది. నేను మానిటర్ వైపు చూస్తూనే, ‘బోదకాలు కదమ్మా, పడుకోబెట్టి ఉంచాం కాబట్టి కొంచెం నీరు దిగుంటుంది’ అన్నాను. ‘పడుకుంటే తగ్గుద్దండి ఎప్పుడూ’ అంది ఆవిడ. పదిహేనేళ్ళుగా రోజూ ఆ కాలిని కడిగి, మడతల్లో తడి తుడిచి, పౌడరు వేస్తున్న మనిషి. ఆ మాట అప్పుడే పట్టుకోవాల్సింది. పట్టుకోలేదు.

అట్రాక్యూరియం 48 గంటలకని రాశాం. నాలుగో రోజూ నడిచింది, ఐదో రోజు ఉదయానికీ నడుస్తూనే ఉంది. ఆపమని రాయాల్సింది నేను. పీప్ కూడా 14 దగ్గరే ఉండిపోయింది. ‘బాగుంది కదా, ఎందుకు కదపడం’ అనుకునే రోగం ఐసీయూ డాక్టర్లందరికీ ఉంటుంది.

ఐదో రోజు దొరికినవి

మెడలో కుడివైపు వేసిన గొట్టంలో కేంద్ర సిర ఒత్తిడి, అంటే సీవీపీ, 16 ఉంది. రెండో రోజు అదే మనిషికి అదే పీప్ మీద 12 ఉండేది. అల్ట్రాసౌండ్‌లో పొట్టలో నీరు, రెండు వైపులా ఊపిరితిత్తుల చుట్టూ కొద్దిగా నీరు కనిపించాయి. కింది నుంచి గుండెకి వచ్చే పెద్ద సిర లావుగా ఉబ్బి, ఊపిరితో పాటు కదలకుండా నిలబడిపోయి ఉంది. గుండె బాగానే కొడుతోంది. ఎడమ మెడ సిరలో గడ్డ ఉందేమోనని ప్రత్యేకంగా వెతికాం, లేదు. ఎందుకు వెతికామో కింద చెప్తాను. రక్తంలో నీటిని పట్టి ఉంచే ప్రోటీన్ ఆల్బుమిన్ 1.9, బాగా తక్కువ.

పొట్టలో ఒత్తిడి కొలిచాం. దీనికి పెద్ద పరికరమేమీ అక్కర్లేదు. మూత్రపు గొట్టం ద్వారా 25 మి.లీ. సెలైన్ మూత్రాశయంలోకి పంపి, మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి వదిలిన చివర్లో చూడటమే. 17 వచ్చింది. 12 దాటితే ఎక్కువ అంటాం, 16 నుంచి 20 వరకు రెండో గ్రేడ్. దర్జీ టేపుతో మోకాలి కింద 10 సెంటీమీటర్ల దగ్గర కాళ్ళు కొలిచాం. ఎడమది 54, కుడిది 37. చేరిన రోజు కొలతలు ఫిజియోథెరపిస్టు పిల్లాడి నోట్‌బుక్‌లో దొరికాయి: 49, 33. అతనికి థాంక్స్ చెప్పుకోవాలి. బోదకాలి చర్మం మడతల్లోంచి పసుపు పచ్చటి నీరు చెమర్చి కింద షీట్ తడిసింది.

జూనియర్ డాక్టరు ఆల్బుమిన్ సీసాలు తెప్పిద్దామన్నాడు. బయట కూర్చున్న బావమరిది, చేపల చెరువుల మీద పనిచేసే కుర్రాడు, ‘సెలైన్లు ఎక్కువెక్కించేశారా అండీ?’ అని అడిగాడు. నిజం చెప్పాలంటే రెండూ సగం సగం సరైన మాటలే. మొదటి రోజుల్లో పోసింది ఎక్కువే, మా దగ్గరే మూడు రోజుల్లో సుమారు 6 లీటర్లు మిగులు. కానీ నాలుగో రోజు పెరిగిన వాపు ఆ లెక్కలోకి రాదు. ఆ నీళ్ళు అప్పటికే ఒంట్లో ఉన్నాయి. తిరిగి పోవాల్సిన దారిన పోవడం లేదు, అంతే.

తిరిగి పోయే దారి

రక్తనాళాల్లోంచి కణజాలంలోకి నీరు, ప్రోటీన్ నిత్యం ఊరుతూనే ఉంటాయి. ఊరిన నీటిలో ఎక్కువ భాగాన్ని కేశనాళికల సిర వైపు కొసలే మళ్ళీ పీల్చుకుంటాయని ఎంబీబీఎస్‌లో చదువుకున్నాం. అది చాలా కణజాలాల్లో నిజం కాదని, నిలకడగా ఉన్నప్పుడు ఆ నీరు తిరిగి రక్తంలోకి చేరేది లింఫ్ నాళాల ద్వారానేనని లెవిక్, మిషెల్ 2010లో వివరంగా రాశారు. బడి పుస్తకాల్లో లింఫ్‌ని శోషరసం అంటారు. మా రోగుల్లో ఆ మాట ఎవరికీ తెలియదు కానీ ‘గజ్జల్లో బిళ్ళ కట్టింది’ అంటే అందరికీ తెలుసు. ఆ బిళ్ళలు ఈ దారిలోని చెక్‌పోస్టులు.

కాళ్ళు, పొట్ట, ఎడమ చెయ్యి, తల ఎడమ సగం, వీటన్నిటి లింఫ్ ఒకే పెద్ద నాళంలో కలుస్తుంది. దాని పేరు థొరాసిక్ డక్ట్. నడుము పైభాగంలో మొదలై, ఛాతీకి, పొట్టకి మధ్య ఉండే కండరపు తెర డయాఫ్రమ్‌ని దాటి ఛాతీలోకి ఎక్కి, ఎడమ మెడ మొదట్లో రెండు పెద్ద సిరలు కలిసే మూలలో పడుతుంది. మామూలు మనిషిలో రోజుకి ఒకటిన్నర నుంచి రెండున్నర లీటర్లు అలా వెళ్తాయి. ఎడమ మెడలో గడ్డ కోసం వెతకడానికి కారణం అదే. అక్కడ సిర మూసుకుపోతే ఈ నాళానికి ముఖద్వారం మూసుకుపోయినట్టే.

దీన్ని నడిపించేవి కొన్ని ఉన్నాయి. లింఫ్ నాళం గోడలే చిన్నచిన్న గదులుగా ముడుచుకుంటూ పైకి నెడతాయి, కవాటాలు వెనక్కి రానివ్వవు. నడిస్తే పిక్క కండరాలు పిండుతాయి. వీటికి తోడు మన ఊపిరి. గాలి పీల్చినప్పుడు ఛాతీలో ఒత్తిడి మైనస్ 5 నుంచి మైనస్ 8 సెంటీమీటర్లకి దిగుతుంది. అదే క్షణంలో డయాఫ్రమ్ కిందికి దిగి పొట్టని నొక్కుతుంది. కింద నొక్కుడు, పైన లాగుడు. నిమిషానికి పదిహేను సార్లు, ఆగకుండా. డయాఫ్రమ్ కింది వైపు చిన్న రంధ్రాలుంటాయి. పొట్టలో ఊరే నీటిని అవి పీల్చుకుని పైకి పంపుతాయి, డయాఫ్రమ్ కదిలితేనే అవి బాగా పనిచేస్తాయి.

వెంటిలేటర్ ఈ ఏర్పాటుని తలకిందులు చేస్తుంది. గాలి పీల్చబడదు, తోయబడుతుంది. ఛాతీలో లాగుడు పోయి నెట్టుడు వస్తుంది. పీప్ ఉంటే ఊపిరి వదిలిన తర్వాత కూడా ఆ ఒత్తిడి దిగదు. దాంతో సీవీపీ పెరుగుతుంది, నాళం పడే చోట నీటిమట్టం పెరిగినట్టు అవుతుంది. పైగా సిరల్లో ఒత్తిడి పెరిగితే కాలేయం, పేగుల్లోంచి ఇంకా ఎక్కువ లింఫ్ ఊరుతుంది. ఊట పెరిగింది, పోయే దారి తగ్గింది. కండరాలు కదలకుండా మందు కూడా ఉంటే పిక్కల పంపూ బందు, డయాఫ్రమ్ పంపూ బందు.

మా రోగికి సీవీపీ 12 నుంచి 16కి ఎందుకు ఎక్కిందో కాసేపు నాకే అర్థం కాలేదు, పీప్ మార్చలేదు కదా. తర్వాత తట్టింది. మొదటి రోజు ఊపిరితిత్తి గట్టిగా, రాయిలా ఉంది. మిషన్ ఇచ్చిన ఒత్తిడిలో ఎక్కువ భాగం ఊపిరితిత్తి గోడలే మింగేశాయి, చుట్టూ ఉన్న సిరలకి కొంచెమే తగిలింది. నాలుగో రోజుకి ఊపిరితిత్తి మెత్తబడింది. అదే 14 ఇప్పుడు సిరల మీద, గుండె మీద ఎక్కువగా పడుతోంది. గాలి నింపాక ఒక్క క్షణం ఆపితే మిషన్ చూపించే ఒత్తిడిని ప్లాటో అంటాం, అది 27 నుంచి 24కి దిగింది, అది ఊపిరితిత్తి మెత్తబడిన గుర్తే. మందు డోసు మారకపోయినా, మనిషి బాగుపడటం వల్లే అది ఓవర్ డోసు అయింది. ఈ ఒక్క సంగతి కోసమే ఈ కేసు రాసినా సరిపోయేది.

భార్యకి చెప్పిన మాట

ఆ మధ్యాహ్నం ఆవిడని, తమ్ముడిని కూర్చోబెట్టి చెప్పాను. నీళ్ళు పోయడం తగ్గించామని, అయినా వాపు ఎందుకు పెరిగిందంటే ఒంట్లో నీళ్ళు తిరిగి గుండెకి చేర్చే సన్నటి కాలువలుంటాయని, అవి ఛాతీలోకి పడాలని, మిషన్ ఛాతీలో ఒత్తిడి నిలబెట్టి ఉంచిందని. సగం చెప్పేసరికి ఆవిడే అంది: ‘పోటు మీద డ్రెయిన్ లాగట్లేదన్నమాట.’

అంతకంటే బాగా నేను చెప్పలేను. డెల్టా బయటివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక నీళ్ళు తెచ్చే కాలువలు వచ్చాయి. కానీ ఇక్కడి రైతుకి అక్టోబరులో కావాల్సింది నీళ్ళు తెచ్చే కాలువ కాదు, నీళ్ళు తీసుకుపోయే డ్రెయిన్. యనమదుర్రు డ్రెయిన్ అయినా, కొల్లేటి నీటిని మోసే ఉప్పుటేరు అయినా చివరికి సముద్రంలో పడాలి. సముద్రం పోటు మీద ఉంటే ముఖద్వారం దగ్గర మట్టం పెరిగి మురుగు లాగదు. పాటు వచ్చి సముద్రం వెనక్కి తగ్గినప్పుడే కిందికి జారుతుంది. రోజుకి రెండు సార్లు పాటు వస్తుంది కాబట్టి చేలు బతుకుతున్నాయి. మా వెంటిలేటర్ మీద పోటే ఉంది, పాటు లేదు.

ఇక బోదకాలు సంగతి ఆ లెక్కలోనే తేలిపోయింది. ఫైలేరియా పురుగు లింఫ్ నాళాల్లో గూడు కట్టుకుని కవాటాల్ని పాడుచేస్తుంది. గుర్రపుడెక్క, తూడు పట్టి పూడిపోయిన డ్రెయిన్ అది. మామూలు రోజుల్లో ఏదోలా పారుతుంది. ముఖద్వారంలో మట్టం రెండు అంగుళాలు పెరిగితే మొదట మునిగేది దాని పక్క పల్లపు చేనే. కుడి కాలు పొంగడానికి రెండు రోజుల ముందే ఎడమ కాలు మెరిసింది. మూడో రోజు సాయంత్రం ఆవిడ చూపించింది సరిగ్గా అదే.

ఏం చేశాం

అట్రాక్యూరియం ఆపాం. ఇక్కడ కొంచెం టెన్షన్ పడ్డాం. కండరాలు వదులుగా ఉంటే పొట్ట ఒత్తిడి తగ్గి ఉంటుంది, మందు తీసేస్తే బిగుసుకుని పెరగొచ్చు. అందుకని మత్తు ఒక్కసారిగా తీయకుండా నొప్పి మందు ఫెంటనిల్ కొద్దిగా ఉంచి, తేలికపాటి మత్తు మందు డెక్స్‌మెడెటమిడిన్ మీదికి మార్చాం. ముక్కులోంచి కడుపులోకి వేసిన రైల్స్ ట్యూబ్ నుంచి గాలి లాగేశాం, ఎనిమా ఇచ్చాం. చిన్న పనులే, కానీ పేగుల్లో గాలి తగ్గితేనే పొట్ట ఒత్తిడి రెండు మూడు పాయింట్లు దిగుతుంది.

పీప్ 14 నుంచి 12కి, రెండు గంటలు చూసి 10కి. శాచురేషన్ 95 నుంచి 93కి వచ్చి అక్కడ నిలబడింది. 90 దిగితే వెనక్కి వెళ్దామని ముందే అనుకున్నాం. ప్లాటో 20కి వచ్చింది. సాయంత్రానికి సీవీపీ 12, పొట్ట ఒత్తిడి 14. మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే ఫ్రూసెమైడ్ 40 మి.గ్రా. ఇచ్చి, తర్వాత గంటకి 5 మి.గ్రా. డ్రిప్ పెట్టాం. మూత్రపిండాలు కోలుకుంటున్నాయి, క్రియాటినిన్ అప్పటికి 2.1.

ఆల్బుమిన్ ఇవ్వలేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషిలోనే గంటకి రక్తంలోని ఆల్బుమిన్‌లో సుమారు 5 శాతం బయటికి జారుతుంది, దాన్ని వెనక్కి తెచ్చేది లింఫే. రక్తనాళాలు కారుతున్న లెప్టో రోగిలో ఆ జారుడు ఇంకా ఎక్కువ. డ్రెయిన్ లాగని చేలో ఎరువు చల్లినట్టు ఉంటుందనిపించింది. వేలకి వేలు పెట్టి కొనాల్సింది వాళ్ళు, కౌలు మీద బతికేవాళ్ళు. ఇంకో డాక్టరు ఇచ్చి ఉండొచ్చు. అది తప్పని కూడా అనను.

కాళ్ళ కింద దిండ్లు పెట్టి ఎత్తులో ఉంచాం. రెండు గంటలకోసారి ఫిజియో కుర్రాడు మడమలు, మోకాళ్ళు ఆడించాడు. బోదకాలికి గట్టి కట్టు కట్టలేదు. చర్మం చెమరుస్తున్నప్పుడు, బీపీ మందు ఇంకా సన్నగా నడుస్తున్నప్పుడు కట్టు వద్దనుకున్నాం. ఆ కాలి పని రోజుకి రెండుసార్లు భార్యకే అప్పజెప్పాం. చేతులు కడుక్కుని, గౌను వేసుకుని లోపలికి వచ్చేది. వేళ్ళ సందుల్లో గాజుగుడ్డ ఎలా పెట్టాలో మా సిస్టర్లకి ఆవిడే నేర్పింది.

ఆరో రోజు ఉదయం మిషన్ గ్రాఫ్‌లో ప్రతి ఊపిరికి ముందు చిన్న పల్లం కనిపించింది. ఆయన సొంతంగా పీలుస్తున్నాడు. రోగి తీసే ఊపిరికి మిషన్ సాయం మాత్రమే చేసే ప్రెషర్ సపోర్ట్ మోడ్‌కి మార్చి, పీప్ 8 చేశాం. ఇక్కడ ఒక హెచ్చరిక. ఇదే పని రెండో రోజు చేసి ఉంటే చంపేసేవాళ్ళం. ఊపిరితిత్తి గట్టిగా ఉన్నప్పుడు రోగి బలంగా లాగితే ఆ లాగుడే ఊపిరితిత్తిని చీల్చుతుంది. మెడ కండరాలు బిగుసుకుంటున్నాయా, ఊపిరి సంఖ్య 30 దాటుతోందా అని గంటగంటకీ చూశాం. 22 నుంచి 24 మధ్య నిలబడింది.

ఆ రోజు మూత్రం 3.4 లీటర్లు. ఏడో రోజు 4 లీటర్లు దాటింది, పొటాషియం 2.9కి పడింది. లెప్టోలో మూత్రం బాగా వస్తూ పొటాషియం పడిపోవడం మామూలే, ఫ్రూసెమైడ్ దానికి ఆజ్యం పోసింది. డ్రిప్ సగానికి తగ్గించి పొటాషియం పెట్టాం. ఎనిమిదో రోజు బోదకాలు చెమర్చడం ఆగింది. కళ్ళు మూతపడ్డాయి. తొమ్మిదో రోజు కొలతలు ఎడమ 48, కుడి 33. పదో రోజు గొట్టం తీశాం. తీసిన గంటకి ఆయన అడిగిన మొదటి ప్రశ్న, గొంతు బొంగురుగా, ‘చేలో నీళ్ళు తీశాయా?’

ఎంతవరకు నమ్మాలి

ఐదో రోజు ఒకేసారి అయిదారు పనులు చేశాం. దేనివల్ల ఎంత తగ్గిందో విడదీసి చెప్పలేను. ఫ్రూసెమైడ్ ఒక్కటే చేసిందని ఎవరైనా అంటే కాదని నిరూపించలేను. లెప్టో కోలుకునే దశలో మూత్రం దానంతటదే పొంగుతుంది కూడా. నేను గట్టిగా చెప్పగలిగింది ఒకటే: ఫ్రూసెమైడ్ మొదటి డోసు పడకముందే, పీప్ 10కి దిగిన గంటలోనే సీవీపీ 16 నుంచి 13కి వచ్చింది. ముఖద్వారం దగ్గర మట్టం దిగడం కంటితో చూశాం. లింఫ్ పారడం మాత్రం చూడలేదు. మంచం పక్కన దాన్ని కొలిచే సాధనం మా దగ్గర లేదు.

కొలిచినవాళ్ళు ఉన్నారు. స్వీడన్‌లోని ఉప్సలాలో హెడెన్‌స్టియర్నా, లట్టువాడా పందుల మీద ఈ పని చేసి 2006లో ప్రచురించారు. సెప్సిస్, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా దెబ్బతీసే స్థితి లాంటిది తెప్పించి, పొట్ట నుంచి వచ్చే లింఫ్‌ని కొలిచారు. వెంటిలేటర్, పీప్ ఉన్నప్పుడు పొట్టలో లింఫ్ ఊట పెరిగి, పోయే దారికి అడ్డు తగిలింది. జంతువు సొంతంగా ఊపిరి తీసుకున్నప్పుడు పరిస్థితి మెరుగ్గా ఉంది. పందికీ డెల్టా రైతుకీ తేడా ఉంటుంది, ఒప్పుకుంటాను. అన్నట్టు లింఫ్ నాళాల్ని మొదట గుర్తించినవాళ్ళలో ఒకడైన రూడ్‌బెక్ కూడా 1650ల్లో ఆ ఉప్సలా వాడే. ఆ ఊరికి ఈ కాలువల పిచ్చి పాతదే.

నీళ్ళు పోసే వైపు గురించి మాత్రం సాక్ష్యం చాలా ఉంది. 2006లోనే వచ్చిన పెద్ద ట్రయల్‌లో, ఇలాంటి ఊపిరితిత్తుల జబ్బుతో ఉన్న 1000 మందిలో సగానికి నీళ్ళు బిగించి, సగానికి ఉదారంగా ఇచ్చారు. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. బిగించినవాళ్ళు వెంటిలేటర్ నుంచి త్వరగా బయటపడ్డారు. అందుకే మేమందరం ఇన్‌పుట్ చార్ట్ దగ్గరే కూర్చుంటాం. నేనూ ఐదు రోజులు అక్కడే కూర్చున్నాను.

డిసెంబరులో

ఆరు వారాల తర్వాత చూపించుకోవడానికి వచ్చారు. ఊపిరితిత్తుల ఎక్స్‌రే శుభ్రంగా ఉంది, క్రియాటినిన్ 1.1. కుడి కాలు మామూలుగా ఉంది, ఎడమది ఎప్పటిలాగే. భార్య సంచిలోంచి దర్జీ టేపు తీసింది. ఇంట్లో వారానికోసారి కొలిచి పాత పంచాంగం వెనక పేజీలో రాసుకుంటోంది.

దాళ్వా నాట్లు మొదలవుతున్నాయి, మళ్ళీ చేలోకి దిగొచ్చా అని ఆయన అడిగాడు. కాళ్ళకి పుండ్లు, పగుళ్ళు ఉంటే దిగొద్దని, గంబూట్లు వేసుకోమని, వానల్లో బురదలో ఎక్కువ రోజులు పని ఉంటే ముందుగా నన్ను అడిగి వారానికోసారి డాక్సీసైక్లిన్ వేసుకోవచ్చని చెప్పాను.

ఆయన ఎడమ కాలు వైపు చూసుకుని, ‘ఆయ్, అలాగేనండీ’ అన్నాడు. లేచి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. ‘కుడి కాలికంటే దొరుకుద్దండి. దీనికి పట్టే బూటు ఎక్కడ అమ్ముతారండీ?’